దొరికిన గుడ్డ కాదు

మా బడిలో ఒక సైన్సు మాస్టారు ఉండేవాడు. సెలవులకు బెంగళూరు వెళ్లి వచ్చినప్పుడల్లా అక్కడి ఆర్ట్ గ్యాలరీల గురించి స్టాఫ్ రూములో కథలు చెప్పేవాడు. ఒకసారి నా వైపు తిరిగి, "డ్రాయింగ్ టీచరు అయ్యుండి కర్నూల్లో ఏం చూస్తావమ్మా? ఈడ ఎండ తప్ప ఏముండాది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక, అలా నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ ఆదివారం నుంచే ఊరు తిరగడం మొదలుపెట్టాను. తోడుగా మా వీధి చివరింటి అక్క వచ్చేది. సొంత అక్క కాదు. నందికొట్కూరు దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయి కర్నూలు వచ్చి, హాస్టలు పిల్లలకు యూనిఫారాలు కుడుతూ బతికిన మనిషి. పొద్దున చర్చికి పోయి వచ్చి, ఆ తెల్లచీరతోనే నా స్కూటీ ఎక్కేది. వాళ్లాయన "బొమ్మలు చూసేదానికి పెట్రోలు తగలేస్తారా?" అంటే, "నువ్వు క్రికెట్టు చూసేదానికి కరెంటు తగలెయ్యల్యా?" అనేది.

వెతికితే దొరికాయి. పాతబస్తీలో ఒక మేడ మీద ఓ అమ్మాయి సొంతంగా అచ్చులు చెక్కించుకుని, జొన్నకంకుల డిజైన్లు గుడ్డల మీద అద్ది అమ్ముతోంది. ఆ పక్క సందులో ఒక పెద్దాయన రేకును కోసి, గోడ మీద పూలతీగల నీడలు పడేలా దీపాలు చేస్తున్నాడు. అంగడికి బోర్డు లేదేమని అడిగితే, "దీపం వెలుగుతాంటే కనపడదా అమ్మా?" అన్నాడు. మూతపడిన ట్యూషన్ సెంటర్లో ముగ్గురు డిగ్రీ అమ్మాయిలు ఎండిన పొలాలను ఆ పొలాల మట్టితోనే గీసి ప్రదర్శన పెట్టారు. చూడడానికి వచ్చింది మేమిద్దరమే. మాతోపాటు, చల్లగా ఉందని వచ్చి పడుకున్న ఒక పిల్లి.

అలా తిరుగుతుండగానే కడపలో పెద్ద ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. రెండో శనివారం తెల్లవారుజామునే బస్సు ఎక్కాం. ఊరి చివర, పని ఆగిపోయిన బండల పాలిష్ షెడ్డు అది. గోడల వెంబడి నల్లబండలు ఇంకా వరసగా ఆనించి ఉన్నాయి. చిత్రాలు చూసుకుంటూ చివరి గోడ దాకా వెళ్లాం. అక్కడ, పైనుంచి దీపం వేసి, ఒక బొంత వేలాడదీశారు.

అక్క నిలబడిపోయింది.

"ఇది నాది," అంది.

"బొంతలన్నీ ఒకే మాదిరి ఉంటాయి కదక్కా."

"మనుషులంతా ఒకే మాదిరి ఉంటారా టీచరమ్మా?" అంటూ బొంత అంచు పైకెత్తి, ఒక ఖాకీ ముక్క చూపించింది. దానికి జేబు ఉంది. "మా నాయన వాచ్‌మన్ చొక్కా ఇది. నా బిడ్డ చింతపిక్కలు దాచుకుంటాదని జేబు మూసి కుట్టకుండా అట్లే ఇడిసిపెట్టినా." జేబులో చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. కానీ ఆ చెయ్యి వెంటనే బయటికి రాలేదు.

పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమెకు రెండేళ్ల కింద ఆ బొంత ఇచ్చి, బకెట్టు తీసుకుందట. గోడ మీది కార్డు ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమంది. పైన కళాకారుడి పేరు. దాని కింద 'పేరు లేని చేతులు' అని శీర్షిక. ఆ కింద 'దొరికిన గుడ్డ' అని.

"దొరికిందా? యాడ దొరికింది? నేనేమన్నా పారేసుకున్న్యానా?"

గొంతు షెడ్డంతా వినబడింది. నలుగురూ తిరిగి చూశారు. నేను సిగ్గుపడి ఆమె చెయ్యి లాగాను. "పోదాం పా అక్కా, ఎందుకిప్పుడు" అన్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

కళాకారుడు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మన ప్రాంతం వాడే, మర్యాద తెలిసిన మనిషే. "ముట్టుకోకూడదమ్మా" అన్నాడు.

"నేను కుట్టిందాన్ని నేను ముట్టుకోకూడదా అప్పా?"

అతని ముఖం మారింది. "మీలాంటోళ్ల కష్టానికి గౌరవం ఇయ్యాలనే పెట్టినానమ్మా. ఎవురు కుట్టినారో తెలీక ఆ పేరు పెట్టినా."

"ఇప్పుడు తెలిసింది గదా. రాయి."

అంతలో నిర్వాహకుడు పరుగున వచ్చాడు. ముఖ్య అతిథి వచ్చే వేళయిందన్నాడు. పేరు రాస్తే ఆ కళాకృతి అర్థమే మారిపోతుందన్నాడు.

"మారితే మారనీప్పా," అని అక్క బొంత ముందున్న నల్లబండ మీద కూర్చుంది. "నా పేరు పడేదాంక లెయ్యను."

నిర్వాహకుడు నా వైపు తిరిగాడు. "మేడం, మీరు చదువుకున్నోళ్లు. మీరన్నా చెప్పండి."

 నేను సంచిలోంచి నల్ల స్కెచ్ పెన్ను తీశాను. "చెప్తాండా. కార్డు మార్చండి," అని పెన్ను అక్క చేతికిచ్చాను.

ఎవరూ అడ్డం రాలేదు. అక్క లేచి, నేను చూపించిన చోట 'దొరికిన గుడ్డ' అన్న మాటల్ని కొట్టేసింది. కింద తెలుగులో 'కుట్టింది' అని, తన పేరు, తన ఊరి పేరు, బలపంతో పలక మీద రాసినట్టు లావుగా రాసింది. తర్వాత, అడక్కుండానే, ఒక్కో ముక్కా ఎక్కడిదో చెప్పడం మొదలుపెట్టింది. పసుపుది అమ్మ చీర. నీలంది బిడ్డ మొదటి యూనిఫారం. జనం మూగారు. ముఖ్య అతిథి కూడా వెనకే నిలబడి విన్నాడు. కళాకారుడు కింద కూర్చుని, ఆ కుట్టు ఎలా వేస్తారో అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. చివరికి, "తీసుకుపోండమ్మా, ఇది మీదే," అన్నాడు.

"బకెట్టుకు ఇచ్చేసినా గదప్పా. బొంత నీదే. పేరు మాత్రం నాది."

తర్వాత హైదరాబాదులో ఆ బొంతను ప్రదర్శించినప్పుడు అతను నాకు ఫోటో పంపాడు. కార్డు మీద అక్క పేరు ఉంది, కానీ ఒక అక్షరం తగ్గింది. "మా యమ్మ పెట్టిన పేరును తక్కువ చేసేదానికి ఆయప్ప ఎవురు?" అని అప్పటికప్పుడు నా చేత ఫోన్ చేయించింది. సాయంత్రానికి సరిచేశారు.

ఇప్పుడు అక్క తన ఇంటి ముందు గదిలోనే బొంతల అంగడి పెట్టింది. ప్రతి బొంతకూ ఒక మూలన ఎర్ర దారంతో ఆమె పేరు ఉంటుంది. పోయిన నెల కారులో వచ్చిన ఒకామె, ఒక బొంతను చాలాసేపు నిమిరి, "చాలా బాగుంది. ఆ మూలన పేరు తీసేస్తే తీసుకుంటాను. సోఫా మీద బాగుండదు," అంది. అక్క ఆ బొంతను మడిచి మళ్లీ అరలో పెట్టేసింది.

"ఇంకోటి చూపించండి మరి."

"దాని మీద గూడా ఉండాది."

ఆమె వెళ్లిపోయింది. ఆ బొంత ఇంకా అమ్ముడుపోలేదు. మొన్న అక్క దాన్ని తీసి, గుమ్మానికి ఎదురుగా, వీధిలో పోయేవాళ్లకు ఆ మూల కనబడేలా వేలాడదీసింది.