లేని కాలి వేళ్లు

నాయన కరెంటు మిషన్ ఇప్పటికీ మా అల్మారాలో ఉంది. సెల్‌ఫోనంత పెట్టె, రెండు వైర్లు, ఒంటికి అంటుకునే బిళ్లలు. అమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు.

ట్రాక్టర్ కింద పడి నలిగిన నాయన కుడికాలిని బళ్లారి ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. దాన్ని గుడ్డలో చుట్టి ఇస్తే, చిన్నాయన మా ఊరు కురుగోడుకు తెచ్చి మా వరిమడి గట్టున పూడ్చాడు. మావాళ్లు పోతే పొలంలోనే పూడుస్తాం. కాలికైనా అంతే మర్యాద.

పుండు మానింది. కానీ లేని కాలి వేళ్లను ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి. నిద్రలేక నాయన సగమయ్యాడు. "కాలే లేదు, నొప్పి యాడిదప్పా?" అని ఊళ్లోవాళ్లు నవ్వితే నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం, "మీ చిన్నాయన వేళ్లు వంకరగా పెట్టి పూడ్చినాడు" అని తేల్చేసింది. అప్పటినుంచి చిన్నాయన మా గడప తొక్కడానికి జంకేవాడు.

బళ్లారి సత్యనారాయణపేటలో ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఈ మిషన్ ఇచ్చింది. బిళ్లలను మొండికాలికి అంటించి చూపించి, "పూర్తిగా పోతుందని చెప్పను. నొప్పికి దగ్గరగా పెట్టుకుంటే తగ్గొచ్చు" అంది.

మర్నాడు మిషన్ కనబడలేదు, అమ్మా కనబడలేదు. పొలానికి వెళ్తే, గట్టున కూర్చుని తడిమట్టికి బిళ్లలు అంటిస్తోంది.

"ఏందమ్మా ఇది?"

"నొప్పికి దగ్గరగా పెట్టమన్యాది గదా. వేళ్లు ఈడ ఉండాయి."

ఈ సంగతి చెబితే, కాలు పోయాక మొదటిసారి నాయన పడిపడి నవ్వాడు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అరుగు మీద ఆయన బిళ్లలు అంటించుకుని కూర్చునేవాడు. అమ్మ పక్కన శనక్కాయలు ఒలిచేది.

"వేళ్లు ఎట్లుండాయి?"

"కొంచెం విడినాయి. బొటనవేలే మొండిది, నీ మాదిరి."

నొప్పి పూర్తిగా ఏనాడూ పోలేదు. అయినా ఆ మిషన్ పెట్టే చిమచిమ పుణ్యమా అని నాయన నిద్రపోయేవాడు. ఆ అరుగు, ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లాగుతుంది.

పోయిన ఏడు నాయన గుండె ఆగి పోయాడు. గట్టున, ఆ కాలి పక్కనే గుంత తీశారు. దింపేముందు అమ్మ చిన్నాయన చెయ్యి పట్టుకుంది.

"ఈ తూరి నేరుగా పెట్టప్పా."

నాయనను దింపాక చిన్నాయన గుంతలోకి దిగాడు. మిగిలిన ఆ ఒక్క కాలి వేళ్లను ఒక్కొక్కటే సరిచేసి, చాలాసేపటికి గానీ పైకి రాలేదు.