నస్రీన్‌కి జొరం తగ్గింది

మనిషి పరువు పోవడానికి చానా దారులున్నయ్యి. బస్‌స్టాండులో కాలు జారి పడొచ్చు, పెళ్ళి బంతిలో సాంబారు ఒంటి మీద పోసుకోవచ్చు. నా పరువు మాత్రం నరసరావుపేటలో, జర్నలిజం క్లాసులో, కిటికీలు మూసి, ప్రొజెక్టరు వేసి, సరిగ్గా వినపడాలని ఫ్యాన్లు కూడా ఆపి మరీ తీశారు. అంత మర్యాదగా పరువు పోగొట్టుకున్నవాళ్ళు పల్నాట్లో ఇంకెవరన్నా ఉంటే చెప్పండి, వెళ్ళి దండేసి వస్తా.

మాది మాచర్ల. నాన్న సిమెంటు లారీ డ్రైవరు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. అమ్మ జాకెట్లు కుడుతుంది. నన్ను హాస్టల్లో దించి వెళ్ళేప్పుడు అమ్మ ఒకటే మాట చెప్పింది.

"చదువు సంగతి నాకు తెలవదు విమలా. ఒక్కదానివే ఉండబాక. నలుగురితో కలువు."

తలూపాను. తలూపడానికేం, ఎద్దు కూడా ఊపుతుంది. నాకు సీటొచ్చింది ఆలస్యంగా. నేను చేరేసరికి క్లాసులో అందరూ జట్లు కట్టేసుకుని, బస్సులో ముందే సీట్లు పట్టుకున్నవాళ్ళు కొత్తగా ఎక్కినవాళ్ళని చూసినట్టు చూశారు. పోనీ నేనన్నా పలకరించానా అంటే, నేను ఒక వాక్యం లోపల కూర్చుకుని నోరు తెరిచేసరికి బెల్లు కొట్టేది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసేది. "పక్కన ఎవరున్నారే?"

హాస్టలు మెట్ల మీద నా పక్కన ఉన్నది నా చెప్పులు. ఆ మాట అమ్మకి చెప్పబుద్ధి కాలేదు. "నస్రీన్ ఉందమ్మా" అన్నాను.

నస్రీన్ కల్పన కాదండోయ్. మా క్లాసులో అమ్మాయే, నరసరావుపేటలోనే వాళ్ళ నాన్నకి మెకానిక్ షెడ్డుంది. అప్పటిదాకా నాతో ఒకే ఒక్క మాట మాట్లాడింది. "కొంచెం జరుగు" అని. ఆ ఒక్క మాట మీద నేను మేడ కట్టాను.

"ఆ పిల్లకి ఇయ్యి ఒకసారి, మాట్లాడతా" అంది అమ్మ.

ఏం చెయ్యమంటారు? ఫోన్ కాస్త దూరంగా పెట్టి, గొంతు సన్నగా చేసుకుని "హాయ్ ఆంటీ" అన్నాను.

ఆ రోజు నించీ నస్రీన్‌కి మా అమ్మతో మాట్లాడే పని పడింది. ఒక్క అబద్ధం ఆడి ఊరుకుంటే కుదరదు. దానికి అన్నం పెట్టి, బట్టలు కొని, పెంచి పెద్ద చెయ్యాలి. నా నస్రీన్‌కి వాళ్ళ అక్క పెళ్ళి కుదిరింది. పరీక్షలో మార్కులు తగ్గినయ్యి. ఒకసారి జొరం కూడా వచ్చింది.

ఇట్లా ఉండగా మా సారు అందరికీ ఒక వీడియో పని ఇచ్చాడు. "లైఫ్‌స్టైల్ ఫీచరంటే మేకప్పులూ బిర్యానీలే కాదు, మనుషులు ఎట్లా బతుకుతున్నారో చూపించండి. జట్లుగా వెళ్ళండి" అన్నాడు. జట్లన్నీ మేకప్పులకీ బిర్యానీలకీ వెళ్ళినయ్యి. నేను ఒక్కదాన్నే గురజాల వెళ్ళాను.

అక్కడ సుగుణమ్మగారని, మా అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆవిడ ఉంది. ఏదో ఆఫీసులో చేసి రిటైరై, కావాలనే ఒంటరిగా ఉంటోంది. నా ఫీచరు పేరు "ఒక్కరి ఇల్లు". ఎవరూ లేని పిల్ల ఎవరూ లేని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళిందని మీరు అనుకుంటే అనుకోండి. నాకు మాత్రం అప్పుడు తట్టలేదు.

ఆవిడ కెమెరా కోసం పట్టుచీర కట్టుకుని మొక్కలకి నీళ్ళు పోసింది. "రోజూ కట్టుకునేదే కట్టుకోండి అమ్మమ్మగారూ" అంటే, "రోజూ ఎవరన్నా వస్తన్నారా ఏంది నన్ను చూట్టానికి?" అంది. తర్వాత క్యారమ్స్ ఆడింది, ఒక్కతే. ఇటు కూర్చుని ఒక దెబ్బ కొట్టడం, లేచి బోర్డు చుట్టూ తిరిగి అటు కూర్చుని ఇంకో దెబ్బ కొట్టడం.

"ఎవరు గెలుస్తారండీ?"

"ఆ కుర్చీ ఆవిడే. ఆమెకి ఓపిక ఎక్కువ."

బంగారం లాంటి జవాబు. ఫీచరు దీంతోనే ముగించాలని అక్కడే అనుకున్నా. ఆవిడ కొంగుకి పెట్టిన చిన్న మైకు తీసి, ఎక్కడన్నా పోతుందేమోనని నా చున్నీకి గుచ్చుకున్నా. దాని వైరు చివర ఉన్న అగ్గిపెట్టంత రికార్డరుని సంచిలో వేసుకున్నా. ఆపాననే అనుకున్నా. గోడలకి చెవులుంటాయంటారు. నా ఖర్మకి చున్నీకే చెవులున్నయ్యి.

హాస్టలుకొచ్చి ఫోన్లోనే ఎడిటింగ్ చేశాను. ఆ బంగారం జవాబు చివర పెట్టాను కానీ, దాని తర్వాత మిగిలిన మాటల్ని కత్తిరించలేదు. బొమ్మ అయిపోయినా కింద మాటలు పోతానే ఉన్నాయన్నమాట. చివరిదాకా చూసుకోలేదా అంటారేమో. చూసుకున్నాను, నా పేరు పడేదాకా. పేరు పడగానే ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ నా పేరే చూసుకున్నాను.

క్లాసులో వేసిన రోజు సుగుణమ్మగారి క్యారమ్స్‌కి అందరూ నవ్వారు. నా పేరు పడింది. చప్పట్లు కొట్టారు. తెర నల్లబడింది. ఆ చీకట్లోంచి సుగుణమ్మగారి గొంతు వినపడింది.

"ఒక ఆట ఆడి పోరాదా అమ్మా?"

"లేదండీ, మా ఫ్రెండ్స్ బయట వెయిట్ చేస్తన్నారు."

ఎవరు వెళ్ళారబ్బా దీంతో అని జట్లన్నీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నయ్యి. నేను లేచి లాప్‌టాప్ వైపు ఉరికాను. సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా, ఇంకా ఉన్నట్టుంది. నల్ల తెర మీద మాటలు. మంచి టెక్నిక్."

టెక్నిక్ సాగింది. అడుగుల చప్పుడు. ఆటో చప్పుడు. బస్సుల రొదలో వినపడదని స్పీకర్లో పెట్టిన ఫోన్. అందులో మా అమ్మ.

"పక్కన ఎవరున్నారే?"

"అందరూ ఉన్నారమ్మా. నస్రీన్ హాయ్ చెప్తంది." వెంటనే పిల్లికూనలాంటి గొంతు. "హాయ్ ఆంటీ."

క్లాసు పగలబడి నవ్వింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు నా మొహం పక్కన పెడితే తెల్లగా కనపడేవి.

"జొరం తగ్గిందా అమ్మా?"

"ఆదివారానికే తగ్గింది ఆంటీ."

వెనక బెంచీలో ఎవడో బల్ల చరిచాడు. అప్పుడు మా అమ్మ గొంతు తగ్గించి అంది.

"మా పిల్ల నోరు తెరిచి ఏదీ అడగదమ్మా. కాస్త కనిపెట్టుకోని ఉండు."

"మీ విమల లేకపోతే మాకు పొద్దే పోదు ఆంటీ" అని నేను నస్రీన్ గొంతుతో చెప్పాను.

ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. నవ్వు ఎంతసేపున్నా ఓర్చుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆగినాకనే కష్టం. సారు ఒక్కడే ఇంకా ఆనందంలో ఉన్నాడు.

"చానా సహజంగా ఉందమ్మా. ఈ స్క్రిప్టు నువ్వే రాశావా?"

"అవును సార్."

"ఆ రెండో గొంతెవరిది?"

"అదీ నేనే సార్."

"శభాష్" అన్నాడు సారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట అబద్ధమాడి రచ్చలో మార్కులు తెచ్చుకున్నాను.

బెల్లు కాగానే వెనక గేటు దగ్గరికి పోయి సైకిళ్ళ మధ్య నిలబడ్డాను. కాసేపటికి నస్రీన్ వచ్చింది. అసలు నస్రీన్.

"నాకు జొరం ఎప్పుడొచ్చింది?" అనడిగింది.

"పోయిన వారం."

"మందులేసుకున్నానా?"

"వేసుకున్నావు."

"మంచిది." తను కూడా ఒక సైకిలుకి ఆనుకుంది. "నా గొంతు అట్లా ఉంటదా? పిల్లిపిల్ల మాదిరి?"

"నీ గొంతు నేనెప్పుడూ సరిగ్గా వినలా" అన్నాను. నిజమే మరి. దగ్గర్నించి వింటే, షెడ్డులో నాన్నని కేకేసీ కేకేసీ అరిగిన గొంతు, లారీ గేరు మార్చినట్టుంది.

నస్రీన్ చెయ్యి చాపి, "మీ అమ్మకి ఫోన్ చెయ్యి. నేను మాట్లాడతా" అంది.

"వద్దులే."

"చెయ్యవే. నా జొరం సంగతి నేను చెప్పుకోవద్దా?"

చేశాను. ఫోన్ తన చేతికిచ్చాను. నస్రీన్ గొంతు సవరించుకుని, చానా మర్యాదగా, "నమస్తే ఆంటీ, నేను నస్రీన్‌ని" అంది.

అవతల కుట్టు మిషను చప్పుడు ఆగింది. అమ్మ అంది.

"ఏందే విమలా, ఈసారి గొంతు మరీ లావుగా పెట్టావు? జలుబు చేసిందా?"

నస్రీన్ నా వైపు చూసింది. నేను సైకిళ్ళ వైపు చూశాను. అమ్మకి మొదటి రోజు నించీ తెలుసు. తెలిసే, ఆ లేని పిల్లని రోజూ పలకరించేది, జొరం తగ్గిందా అని కూడా అడిగింది. ఇక్కడ నేను ఒక్కదాన్నే ఇద్దరిగా మాట్లాడుతుంటే, అక్కడ ఆమె ఒక్కతే ఇద్దరికీ జవాబు చెప్పేది.

తర్వాత నేనూ నస్రీనూ ప్రాణస్నేహితులమైపోయామని మీరు ఎదురుచూస్తుంటే క్షమించండి. కనపడితే నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అంతే. తన జట్టు తనకుంది. చదువు అయిపోయాక ఎటు వాళ్ళం అటు పోయాం. ఇప్పుడు నేను చిలకలూరిపేటలో ఒక చిన్న గదిలో ఉండి, మనుషులు ఎంత హాయిగా బతుకుతున్నారో వీడియోలు తీసి పెట్టుకుంటున్నాను.

కనుక, ఇందుమూలముగా సకల జనులకూ తెలియజేయునది ఏమనగా: మాచర్ల వాస్తవ్యురాలనైన నేను, బుద్ధి వచ్చినదాననై, ఇకమీదట మాటల తోక కత్తిరించకుండా ఏ వీడియోనూ బయటికి పంపను. బతికున్న మనుషులకి వాళ్ళని అడక్కుండా జొరం తెప్పించను. మరీ ముఖ్యంగా, అమ్మ ఫోన్ చేసి పక్కన ఎవరున్నారే అన్నప్పుడు, ఎవరూ లేరమ్మా అని నా సొంత గొంతుతోనే చెప్తాను.

నిన్న అట్లాగే చెప్పాను కూడా.

"అయితే పెట్టెయ్యబాక" అంది అమ్మ. "చేతులు కుట్టాల్సిన జాకెట్టు ఒకటుంది. అదయ్యేదాకా మాట్లాడు."