జమీందారుగారి అరిసెలు

ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషికి ఉన్నన్ని పనులు కలెక్టరుగారికి కూడా ఉండవని ఆ రోజుల్లోనే నాకు తెలిసొచ్చింది. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, డీఎస్సీ ప్రకటన ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని చీపురుపల్లిలో మా ఇంటి వరండాలో పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ప్రకటన రాలేదుగానీ గ్యాసు బండ వచ్చేది, పాలాయన వచ్చేవాడు, కరెంటు మీటరు చూసే మనిషి వచ్చేవాడు. "అదిగో, అది ఖాళీగానే ఉన్నాది కదా" అని అందరికీ మా అమ్మ నన్నే చూపించేది. అలాంటప్పుడే మా అక్క కవలపిల్లలు మా ఇంటికి మకాం మార్చారు. అక్క విజయనగరంలో ఆసుపత్రి నర్సు. సెలవు అయిపోయింది, వాళ్ళ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరు మగపిల్లల వెనక పరిగెత్తలేరు. కనక వారమంతా పిల్లలు మా దగ్గర ఉండడం, శనివారం సాయంత్రం పాసింజరులో అక్క రావడం, అలా కుదిరింది.

పిల్లలిద్దరికీ నేనే పేర్లు పెట్టాను. (చర్చిలో పెట్టినవి వేరే ఉన్నాయి, అవి సర్టిఫికెట్ల కోసం.) కొన్ని నిమిషాలు ముందు పుట్టినవాడు బంట్రోతు. వాడు ఏడాది నిండకుండానే నడిచాడు, నడిచిన మర్నాటి నుంచి పరుగే. రెండోవాడు జమీందారు. ఆయన ఏడాదిన్నర దగ్గరపడుతున్నా చాప మధ్యలో కూర్చుని, కావలసిన వస్తువు వైపు చూపుడువేలు చాపి "ఊఁ" అనేవాడు. బంట్రోతు పరిగెత్తుకెళ్ళి తెచ్చి ఇచ్చేవాడు. గరిటె, నాన్న కళ్ళజోడు, నా పుస్తకం అట్ట, ఒకసారి పక్కింటివాళ్ళ చెప్పు కూడా అలాగే వచ్చింది. డాక్టరుగారు చూసి, కాళ్ళు రెండూ బాగున్నాయి, వాడికి బుద్ధి పుట్టినప్పుడు నడుస్తాడు అన్నారు. ఆ మాటతో అందరికీ ధైర్యం వచ్చింది, అక్కకి తప్ప. శనివారం గేటు తీసుకుని లోపలికి రాగానే అక్క ముందు వాడి మొహం చూసేది కాదు, కాళ్ళు చూసేది. తర్వాత నా వైపు చూసేది. నేను తల అడ్డంగా ఊపి, దాని మొహం చూడలేక, చేతిలో సంచీ అందుకునే నెపంతో వంగేదాన్ని.

ఒకరోజు విజయనగరం నుంచి అక్క అత్తగారు ఫోను చేశారు. ఆవిడ మంచావిడే, కాని మనసులో మాట కడుపులో దాచుకునే అలవాటు లేదు. "తల్లి పక్కన లేపోతే పిల్లలకి కాళ్ళెలాగొస్తాయి వదినా? మా ఇంటా వంటా ఇంతాలీసంగా నడిసినోల్లు ఎవరూ లేరు. ఇంక ఆ ఉద్దోగం మానేసి పిల్లల్ని సూసుకోమని మీ అమ్మాయికి మీరైనా సెప్పండి" అన్నారు. స్పీకరులో ఉండడం వల్ల అది అందరం విన్నాం. ఎన్ని పరీక్షలు రాసి, ఎన్ని రాత్రి డ్యూటీలు చేసి అక్క ఆ పర్మినెంటు ఉద్యోగం సంపాదించుకుందో మాకు తెలుసు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం "అలాగే వదినా, మరి ఉంటాను" అని ఫోను పెట్టేసి, చెంగుతో మొహం తుడుచుకుని, గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. "వచ్చే నెల రెండో ఆదివారం మనింట్లో ప్రార్థన కూడిక. పిల్లల అడుగులకి అరిసెలు పోస్తన్నాను. అందర్నీ పిలుస్తన్నాను" అంది.

బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని పెద్దవాళ్ళ మాట ఉంది కదా. బట్ట పరిచి అరిసెలు వరసగా పెట్టి, నడక వచ్చిన పిల్లాణ్ణి వాటిమీద నడిపించి, ఆ పూట వచ్చినవాళ్ళందరికీ అరిసెలు పంచుతారు. బంట్రోతు నడిచినప్పుడే అది జరగాల్సింది. "ఒక కడుపున పుట్టినోళ్ళు. ఒకడికి పండగ సేసి ఇంకొకణ్ణి మూల కూకోబెడతామేటి?" అని అమ్మ ఆపింది. ఇప్పుడేమో నడవనివాడి నడక పండక్కి ముహూర్తం పెట్టేసింది. మా నాన్న రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘ పెద్ద. అరిసెల సంగతి ముందు ఆయనే ఎత్తారు.

"ఇదంతా బైబిల్లో ఎక్కడుందే?"

"వద్దని ఎక్కడుంది?"

"సరే. ఆ రోజుకి పిల్లడు నడవకపోతే పిలిచినోళ్ళందరికీ ఏటి సెప్తావు?"

"నడిసేక పిలిస్తే అది కృతజ్ఞత. నడవకముందే పిలిస్తే అది విశ్వాసం. మీకు నేను సెప్పాలేటి? అయినా నడుస్తాడు. అదిగో, అది ఖాళీగానే ఉన్నాది కదా, నేర్పుతాది."

అలా అమ్మ విశ్వాసం, అక్క ఉద్యోగం రెండూ కలిసి నా నెత్తిమీదికి వచ్చాయి. నేనూ ఆ తల్లి కూతుర్నే, పంతం పట్టాను. శిశు వికాసంలో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఒక పిల్లాణ్ణి నడిపించలేనా అనుకున్నాను. పుస్తకంలో పునర్బలనం అని ఒక పాఠం ఉంది. చేసిన పనికి ఇష్టమైనది ఇస్తే పిల్లలు ఆ పని మళ్ళీ చేస్తారని దాని సారాంశం. జమీందారుకి అందకుండా నాలుగు అడుగుల దూరంలో బిస్కెట్టు పెట్టాను. ఆయన "ఊఁ" అన్నాడు. బంట్రోతు తెచ్చి ఇచ్చాడు. పునర్బలనం జరిగిందిగాని జరగాల్సినవాడికి జరగలేదు. మర్నాడు బంట్రోతుని చంకనేసుకుని బజారంతా తిరిగొచ్చాను, పరిచారకుడు లేకపోతే దొర లేస్తాడు కదా అని. వచ్చి చూద్దును కదా, మా నాన్న మోకాలు పట్టుకుని మూలుగుతూ లేచి వెళ్ళి బంతి తెచ్చి ఇస్తున్నారు. ఆయన సర్వీసులో ఏ అధికారికీ అంత వినయంగా పనిచేసి ఉండరు.

ఎదురింటి మామ్మగారు ఇసకలో నడుం దాకా పాతిపెట్టమన్నారు, కాళ్ళకి బలం వస్తుందట. పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు, ఇసక కుప్ప ఉంది. గుంట తీసి నిలబెట్టాను. ఆయన చల్లగా ఉందని సంతోషించి, రెండు పిడికిళ్ళు ఇసక తిని, నిలబడే నిద్రపోయాడు. ఆ తర్వాత రాజాం వెళ్ళిన అక్క భర్త, మా బావ చేత అడుగేస్తే కీచుకీచుమనే బూట్లు తెప్పించాను. అవి బంట్రోతు లాక్కుని తొడుక్కున్నాడు. దానివల్ల జమీందారుకి ఒక సౌకర్యం ఏర్పడింది, తన నౌకరు ఏ గదిలో ఉన్నాడో చూడకుండానే తెలిసిపోయేది. డీఎస్సీ పుస్తకాలు బూజు పట్టాయి, నా నడుం పట్టేసింది, ఆ ఆదివారం దగ్గరపడుతోంది. అమ్మ మాత్రం బియ్యం నానబోసి, దంపించి, పాకం పట్టి, నువ్వులద్ది, పీటమీద నూనె వత్తి అరిసెలు తీస్తూనే ఉంది. "నువ్వు నీ పని సూడు, నేను నా పని సూస్తన్నాను" అనేది. ఆ ధీమా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చివాళ్ళు, విజయనగరం నుంచి అక్క అత్తామామలు, బావ, పాస్టరు అయ్యగారు అంతా మా హాల్లో చాపల మీద సర్దుకున్నారు. మధ్యలో తెల్లబట్ట, దానిమీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరిసెలు. ఆ చివర అయ్యగారి కుర్చీ, పక్కన చిన్న బల్లమీద ఆయన బైబిలు, స్కూటరు తాళాల గుత్తి. పాటలు పాడారు. బంట్రోతుని వదిలారు. వాడు అరిసెల మీద పరుగు తీసి, మళ్ళీ వెనక్కి వచ్చి, అడగకుండానే ఇంకోసారి పరిగెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత జమీందారుని నిలబెట్టాను. చెయ్యి వదిలాను. ఆయన హుందాగా కూర్చుని, మొదటి అరిసె తీసుకుని కొరికాడు.

నేను పిలిచాను, బావ పిలిచాడు, అక్క ఆ చివర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపి పిలిచింది. ఆయన అరిసె నములుతూ మా అందరినీ చూశాడు. ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు. అక్క అత్తగారు అక్క వైపు చూశారు. అక్క చేతులు దించుకుని, తల కూడా దించుకుంది. అప్పుడు అమ్మ బంట్రోతుని ఒళ్ళోకి లాక్కుని, ఏమీ జరగనట్టే, "అయ్యగారూ, ప్రార్థన సెయ్యండి" అంది.

అందరం కళ్ళు మూసుకున్నాం. అమ్మ ఒక చేత్తో బంట్రోతు కళ్ళు కూడా మూసింది. అయ్యగారి ప్రార్థన ఆదాము దగ్గర మొదలై, వానలు, పంటలు, పరీక్షలు రాసే పిల్లలు, రాజాం రోడ్డు గోతుల్లో ప్రయాణం చేసేవారు, అందరినీ పలకరించుకుంటూ తీరిగ్గా మా ఇంటికి వస్తుంది. మా ఇంట్లో ప్రార్థనలో కళ్ళు తెరవడం పరీక్ష తప్పడం కంటే పెద్ద నేరం. కాని పిల్లాడి పూచీ నాది కదా అని ఒక కన్ను కొంచెం తెరిచాను. జమీందారు తాళాల గుత్తి వైపు వేలు చాపి "ఊఁ" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా "ఊఁ" అన్నాడు. బంట్రోతు అమ్మ చేతికింద గింజుకున్నాడు, అమ్మ వదల్లేదు. పిలిస్తే మనిషి రాకపోవడం ఆయన జీవితంలో అదే మొదలు. ఆయన చుట్టూ చూసి, తినగా మిగిలిన అరిసె పక్కన పెట్టి, రెండు చేతులూ నేలకానించి, వెనక భాగం ముందు పైకి లేపి, మెల్లగా నిటారుగా నిలబడ్డాడు.

ఒక అరిసె మీద కాలు వేశాడు. అది మెత్తగా దిగితే వంగి పాదం చూసుకున్నాడు. రెండో కాలు వేశాడు. కేకెయ్యాలి, అక్కని పొడిచి చూపించాలి, కాని కళ్ళు తెరిచానని తెలిసిపోతుంది, పైగా నా గొంతు వింటే వాడు మళ్ళీ కూర్చుండిపోతాడు. ఊపిరి బిగబట్టుకున్నాను. అయ్యగారు రోడ్డు గోతుల దగ్గర ఒకే వాక్యం రెండుసార్లు చెప్పారు. జమీందారు తూలుతూ, ఆగుతూ, అరికాళ్ళకి నువ్వులంటించుకుని ఆ చివరి దాకా వెళ్ళి, తాళాల గుత్తి అందుకుని గలగలలాడించాడు. ప్రార్థన, ఇంకా మా ఇంటికి రాకముందే, ఎందుకో తొందరగా ఆమెన్ అయిపోయింది.

అమ్మ కళ్ళు తెరిచి చూసింది. "ఈణ్ణెవరు అక్కడ దించేరు?" అంది. హాలు నిండా మనుషులు, ఒక్కరి నోరూ పెగలదు. అమ్మ చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. "నువ్వే కదే ఎత్తుకెల్లి దించేవు? నా మాట పోకూడదని ఇలాటి పని సేస్తావా?" నాన్న నా వైపే చూస్తున్నారు. నడిచాడు, నేను చూశాను అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే అతుక్కుపోయింది.

"దాన్నేటనకండి వదినా. పిల్లడు నడిసేడు" అన్నారు అక్క అత్తగారు. "నేను సూసేను. ఎడం కాలు ముందేసేడు."

"కుడి కాలమ్మా" అన్నాడు బావ, వెంటనే.

"ఎడమే. అల్లుడుగారు సరిగ్గా చూడలేదు" అన్నారు మా నాన్న, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. అంతలోనే ఏమన్నారో ఆయనకే తెలిసి, ఇంకా ఎక్కువసేపు తుడిచారు.

ఎదురింటి మామ్మగారు మధ్యలో ఒకసారి తూలాడన్నారు. ఎవరో రెండుసార్లన్నారు. అక్క అవేవీ వినకుండా వాణ్ణి గుండెకి హత్తుకుని, నువ్వులంటిన ఆ పాదాలు చీరకి తుడుస్తూ ఏడ్చేస్తోంది. వాళ్ళ అత్తగారు దగ్గరికెళ్ళి, "ఊరుకో. రేపు నీకు డ్యూటీ ఉన్నాది కదా, రేత్రి బండికి మాతో వచ్చెయ్. పిల్లలు ఇక్కడే ఉంటారు" అన్నారు. ఉద్యోగం మాట మళ్ళీ ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. అమ్మ బంట్రోతు కళ్ళమీద నుంచి చెయ్యి తీసి, అందరి మొహాలూ ఒకసారి చూసి, "అయితే కళ్ళు మూసుకున్నది నేనూ ఈడూనా?" అంది. ఇల్లంతా నవ్వింది, అయ్యగారు కూడా.

ఆ సాయంత్రమంతా అమ్మ కనబడిన ప్రతివాళ్ళనీ అడిగింది. ఎలా లేచాడు, ఎక్కడ ఆగాడు, పడబోయాడా, ఎవరినైనా పట్టుకున్నాడా. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు, అన్నీ నమ్మింది. అందరూ వెళ్ళాక అమ్మ పెరట్లో నూనె మూకుడు తోముతూంటే నాకు ఉండబట్టలేదు. జమీందారు ఆ తర్వాత మళ్ళీ అడుగు వెయ్యలేదు మరి, చాపమీద కూర్చుని "ఊఁ" అంటున్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వు ఎదురుచూశావు. అందరం చూశాం, నువ్వొక్కదానివే చూడలేదు. నీకు కష్టంగా లేదా అమ్మా?" అన్నాను.

అమ్మ బూడిద చేతులతోనే నా వైపు తిరిగింది. "దేవుడికి అప్పజెప్పేసేక మల్లీ తొంగి సూడ్డమేటే?" అంది.

ఆ మరుసటి వారానికల్లా జమీందారు నడిచాడు, పరిగెత్తాడు, ఇప్పుడు ఇంటిపట్టున ఉండనే ఉండడు. నాకూ ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఒక పాప. రోజుకో బండెడు విషయాలు దేవుడికి అప్పజెబుతూనే ఉంటాను, కాని అమ్మ అన్నట్టు ఉండడం ఇంతవరకూ చేతకాలేదు. మొన్న ప్రార్థన అయ్యాక మా పాప, "అమ్మా, నువ్వు కళ్ళు తెరిచి నన్నే చూస్తావెందుకు?" అంది. నీకెలా తెలిసిందే అని అడగబోయి ఊరుకున్నాను.