వైర్‌లెస్ వాణ్ణి నేనే

మా బాపు సైన్యంలో వంటవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో సరిహద్దు దగ్గర పట్టుబడి, ఏడాదికి పైగా అవతలి దేశంలో ఖైదీగా ఉండి వచ్చాడని మాకు తెలుసు. అంతకు మించి తెలియదు. అడిగితే "పెట్టింది తిన్నం, పండుకున్నం" అనేవాడు.

పెన్షన్‌తో బయటికొచ్చాక అమీర్‌పేటలో, ఎస్.ఆర్. నగర్ వైపు పోయే సందులో, హాస్టల్ పిల్లల కోసం టిఫిన్ సెంటర్ పెట్టాడు. అమ్మ ప్లేట్లు అందించేది. బాపుకు ఎడమ చెవి వినపడదు. ఆమె దోశె అని అరిస్తే ఈయన వడ వేసేవాడు. అమ్మకు ఒళ్లు మండేది. "నా మాట వినొద్దనే చెవుడు తెచ్చుకున్నడు" అని గిరాకీ ముందే అనేది. చుట్టాలెవరైనా "బావ యుద్ధం చేసిండు" అంటే, "ఆ, గంటెతోని చేసిండు" అని నవ్వేది. బాపు కూడా నవ్వేవాడు.

అమ్మ పోయాక, కిందటి పంద్రాగస్టుకు మా అపార్ట్‌మెంట్ వాళ్లు బాపుకు సన్మానం పెట్టారు. ఆ కబురు వారం ముందే బాపు ఫొటోతో సహా వాట్సాప్‌లో తిరిగి తిరిగి మాజీ సైనికుల గ్రూపుల్లోకీ చేరింది.

జెండా ఎగరేశాక సెక్రటరీ మైకులో "తుపాకీ పట్టి శత్రువును..." అని మొదలుపెట్టగానే బాపు అడ్డుపడ్డాడు. "నేను వంటోణ్ణి సార్." పిల్లలు నవ్వారు. శాలువా కప్పారు. అప్పుడు వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పంజాగుట్టలో కూతురింట్లో ఉంటున్నాడట. అల్లుడి ఫోన్‌లో ఫొటో చూసి గుర్తుపట్టాడట. ఆయన్ని చూసి బాపు తెల్లబోయాడు.

"నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. ఈయనా నేనూ ఒకే గదిలో ఖైదీలం" అన్నాడాయన మైకు పట్టుకుని. "మమ్మల్ని వరసగా నిలబెట్టి, మీలో వైర్‌లెస్ వాడెవడు, చెప్పకపోతే అందర్నీ చావగొడతాం అన్నారు. నేను భయంతో తల దించుకున్నాను. ఈయన ముందుకెళ్లి, నేనే అన్నాడు. రోజూ తీసుకెళ్లి కొట్టేవారు. ఆ చెవి అక్కడే పోయింది. ఎందుకన్నా ఇలా చేశావంటే ఏమన్నాడో తెలుసా? 'నీకు మనోళ్ల రహస్యాలు తెలుసు గనక దెబ్బలకు చెప్పేస్తవు. నాకు పప్పు, రొట్టె తప్ప ఏం తెల్వది. సంపినా ఏం చెప్త?' మా ఎవ్వరి మీదా చెయ్యి పడలేదు."

ఆయన నా వైపు తిరిగాడు.

"వదినగారేరి? ఆవిడకు చెప్పాలని వచ్చాను."

"అమ్మ లేదండి."

ఆయన అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ నోరు రాలేదమ్మా" అన్నాడు.

నాకు అమ్మ చివరి రోజులే కళ్ల ముందు తిరిగాయి. ఆమె గొంతు పీలగా అయిపోయింది. మంచం మీద నుంచి ఆమె పిలిస్తే, పక్కనే కూర్చున్న బాపుకు వినపడేది కాదు. ఆమె మొహం గోడవైపు తిప్పుకునేది. ఆ కోపంతోనే పోయింది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఎందుకు చెప్పలే బాపూ?"

"చెప్తే వాని ఊరోళ్లు ఏమంటరు బిడ్డా? ఇంకొకని ఎనుక దాక్కున్నడంటరు. అప్పుడు వాడు పోరడు. భయపడుడు తప్పా?"

"మరి అమ్మకన్నా చెప్పొద్దా?"

బాపు శాలువా మడత పెడుతూనే ఉన్నాడు.

"చెప్పాల్సుండె. మీ అమ్మ కడుపుల దాసుకుంటుండె. నాకే ధైర్యం రాలే. నోట్లకెళ్లి ఒక్కసారి బయట పడ్డంక మాట ఆగదు."

పెద్దాయన ఇప్పుడు అప్పుడప్పుడు పంజాగుట్ట నుంచి మెట్రోలో వస్తాడు. ఇద్దరూ బాల్కనీలో కూర్చుని షుగరు గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకుంటారు. యుద్ధం మాట రాదు. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ఆయన అమ్మ ఫొటో ముందు చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. బాపు చూసి చూసి, "కూసో, కాళ్లు నొస్తయి" అన్నాడు. ఆయన కూర్చోలేదు.