బెజవాడ హాల్లో నా మగ్గం

నేను సినిమాలో కనిపించానని మా పేటలో చెప్పుకుంటున్నారట. మీరూ వినే ఉంటారు. అందులో నిజం ఎంతో చెబుతాను, టీ చల్లారేలోపు వినండి.

మొన్న మంగళవారం చీరల మూట షావుకారు గారి కొట్లో దించడానికి బెజవాడ వెళ్ళాను. యుద్ధం అయిపోయినా నూలు ఇంకా కంట్రోలులోనే ఉంది కదా, ఎంత తిప్పలు పడ్డా నేసినవి కాసిని చీరలే. మా ఆవిడ శేషమ్మ కూడా వచ్చింది, నేను నేసిన నెమలికంఠం రంగు చీర కట్టుకుని. ఆమె ఇంతవరకూ సినిమా చూడలేదు. మధ్యాహ్నం ఆటకు ఆమెను ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చోబెట్టి, నేను నేల టిక్కెట్టుతో తెర ముందుకు పోయాను.

కథలో ఒక నేతగాడున్నాడు. పిల్లి అరిచినా ఉలిక్కిపడే పిరికివాడు. పెళ్ళాం గదమాయిస్తే మగ్గం గుంటలో దాక్కుంటాడు. హాలంతా నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను. పిరికివాళ్ళు మాలోనూ ఉన్నారు, మా బావమరిదే ఉన్నాడు. కానీ ఆ తరవాత వాడు మగ్గం ముందు కూర్చుని, పడుగులో అటూ ఇటూ పోగు నడిపే నాడెను జామకాయ రాల్చడానికి రాయి విసిరినట్టు విసిరాడు. విసిరి, లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. దాంతో నాకు ఒళ్ళు మండింది. ఏడో ఏటే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాణ్ణి.

"నాడె అట్లా విసరరండీ" అన్నాను లేచి.

"కూచోవయ్యా" అన్నారు వెనకనుంచి.

కూర్చుంటే పోయేది. ఎడమవైపు మెట్ల మీదుగా గబగబా స్టేజీ ఎక్కాను. అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని, తొక్కుడు చెక్కలు తొక్కినట్టు, కుడిచేత్తో నాడె తాడు లాగినట్టు, ఎడమచేత్తో పోగుల్ని దగ్గరికి కొట్టినట్టు అందరికీ చూపించాను. నా నీడ తెర మీదివాణ్ణి నడుందాకా మింగేసిందట, తరవాత చెప్పారు. ఇంతలో రీలు అయిపోయి లైట్లు వెలిగాయి. నేనింకా లేని మగ్గం నేస్తూనే ఉన్నాను.

మేనేజరు గారు పరుగున వచ్చారు. "ఎవడివి నువ్వు?"

"నేతవాణ్ణండి. మమ్మల్ని చూసి నవ్వారు, సరే. ఇంతమందీ ఒంటిమీద బట్టతో కూర్చుని నవ్వుతున్నారంటే అది మా చలవే. మీరు కట్టిన పంచె ఎవరు నేశారనుకున్నారు?"

ఆయన పంచె అంచు ఎత్తి చూపించారు. "ఇది మిల్లుదయ్యా."

వంగి చూశాను, మిల్లుదే. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి శేషమ్మ గొంతు వినిపించింది. "అయితే ఇది చూడండి బాబూ. మా ఆయన నేసిందే." లేచి నిలబడి పైట చెంగు చాపింది. పక్కావిడ పట్టి చూసింది. వెనకావిడ అంచు తిరగేసి చూసింది. ఒకరు "ఏ ఊరమ్మా మీది?" అంటే, ఇంకొకరు "ఇట్లాంటిది నాకూ కావాలి" అన్నారు. ఆపరేటరు రెండో రీలు ఎక్కించుకుని కాచుకుని ఉన్నా వాళ్ళు కూర్చోలేదు. శేషమ్మ ముఖం చూడాలి మీరు. మా వంశంలో ఎవరికీ దక్కని మర్యాద ఆ బెంచీల మధ్య దక్కింది నా చేతికి.

మేనేజరు గారు తల పట్టుకున్నారు. "అయ్యా, మీ నేత గొప్పదే. ఇక దిగండి."

'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది, గమనించండి. ఛాతీ విరుచుకుని దిగాను.

మళ్ళీ ఆట మొదలైంది. ఈసారి తెర మీదికి ఒక జాలరి వచ్చాడు. వల విసరబోయి తనే అందులో చిక్కుకుని, పడవలో కప్పలా ఎగిరాడు. నేను పగలబడి నవ్వాను. పక్కన కూర్చున్న పెద్దాయన భుజం తట్టి, "చూశారా వాడి అవస్థ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మాది కొల్లేటి ఒడ్డండీ" అన్నాడు నెమ్మదిగా. "మా తాతల నాటినుంచీ వల పట్టే బతుకుతున్నాం." అని, పంచె ఎగ్గట్టడం మొదలుపెట్టాడు.

నేను కాళ్ళు ముడుచుకుని ఆయనకు దారిచ్చాను. "వెళ్ళండి, మెట్లు ఎడమవైపున్నాయి" అన్నాను.