ఎదుటివాడి వాదం

స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయంలో దేవుడి కృప గురించి పాఠం చెప్పే దొమినికన్ సన్యాసి ఫ్రే బల్తసార్ బొద్దు మనిషి. వాదం వేడెక్కితే అంగీ చేతులు పైకి లాక్కుని కుర్చీ అంచుకు జరుగుతాడు. మనిషిని మంచివైపు ముందుగా కదిపేది దేవుడి కృపేనని ఆయన పట్టు. మొన్న నిండు సభలో, పోటీ సంఘమైన జెస్విట్లకు చెందిన ఓర్దొన్యో లేచాడు. "దేవుడు కదిపితే కదలక తప్పదంటారు. మరి ఆయన కదపని పాపిష్టివాణ్ణి తిట్టడమెందుకు స్వామీ?"

జవాబుకు ముందు ఎదుటివాడి వాదాన్ని తిరిగి చెప్పాలన్నది సభా నియమం. బల్తసార్ చెప్పాడు. ఊపులో, ఆ వాదంలో ఓర్దొన్యో వదిలేసిన మెట్టు కూడా తానే కట్టి దాన్ని ఇంకా బలంగా నిలబెట్టాడు. విద్యార్థులు ఆనందంతో నేలను కాళ్లతో దడదడలాడించారు. ఖాళీ అయిన ఆచార్య పీఠానికి ఓటు వేసేది వాళ్లే. బల్తసార్ దానికి అభ్యర్థి.

"పీఠం పోతుందయ్యా, ఏదో ఒకటి చెప్పు," అని బల్తసార్ మఠాధిపతి పక్కనుంచి గొణిగాడు.

"ఉండండి, ఈ వాదం ఇంత గట్టిదని నాకిప్పుడే తెలిసింది," అన్నాడు బల్తసార్.

"నేనింత బాగా చెప్పలేదు," అన్నాడు ఓర్దొన్యో.

వినయం బల్తసార్‌కు ఏనాడూ లేదు, ఉన్నదల్లా నిజం తేల్చుకోవాలన్న ఆకలి. జవాబు తట్టడం లేదని సభకు చెప్పేసి, కుర్చీని జెస్విట్ పక్కకు ఈడ్చుకున్నాడు.

"ఇదెక్కడ విరుగుతుందో ఇద్దరం చూద్దాం. కూర్చోవయ్యా."