కదలని సైకిలుకు వాహన పూజ

వన్ టౌన్‌లో జాకెట్ గుడ్డల హోల్‌సేల్ వ్యాపారం చేసే తిరుపతిరావు గారికి రెండు పట్టింపులు. భవానీపురంలో తాను అధ్యక్షుడిగా ఉన్న అపార్టుమెంటులో చీమ చిటుక్కుమనకూడదు. ఇంట్లోకి ఏ ఇనుప వస్తువు వచ్చినా పూజ చేయకుండా వాడకూడదు. మొదటి పట్టింపు వల్ల ఇరుగుపొరుగుకి కష్టం, రెండోదాని వల్ల భార్య శివపార్వతమ్మకి ఇల్లు తుడుచుకునే పని.

కింద నోటీసు బోర్డు మీద ఆయన సంతకంతో పదకొండు నోటీసులున్నాయి. మామూలు తెలుగులో రాస్తే జనం భయపడరని ఆయన నమ్మకం. అందుకే నాలుగో నోటీసు ఇలా ఉంటుంది: 'శబ్దము చేయు యంత్రము ఎవ్వరిదైనను సెల్లారులోనికి దింపవలెను.'

ఆ నోటీసుకి దొరికింది ఒక్కతే మనిషి. తిరుపతిరావు గారి ఫ్లాటుకి సరిగ్గా కింద, 202లో అద్దెకుండే మల్లీశ్వరి. చల్లపల్లి నుంచి వచ్చి, జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్న మనిషి. "మిషను కింద బొంత పరుస్తానండీ బాబాయిగారూ, శబ్దం బయటికి రాదు" అని బొంత కుట్టి తెచ్చి మరీ చూపించింది. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు. "యంత్రం యంత్రమేనమ్మా" అన్నారు. ఎనిమిది నెలలుగా ఆమె స్కూటర్లకీ నీళ్ల మోటారుకీ మధ్య, దోమల్లో, ట్యూబులైటు కింద కుడుతోంది. తిరుపతిరావు గారు రోజూ కారెక్కుతూ "బాగున్నావామ్మా" అని పలకరించేవారు. అందులో ఆయనకి ఏ తప్పూ కనిపించలేదు.

ఇంతలో ఆయనకి షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. తెల్ల పంచె, లాల్చీ తప్ప ఎరగని ఒళ్లు నిక్కరులో రోడ్డెక్కితే వన్ టౌన్ వాళ్లేమనుకుంటారు? అందుకని ఇంట్లోనే తొక్కే సైకిలు తెప్పించారు. వెనక చక్రాన్ని ఇనుప స్టాండుకి బిగిస్తారు. టైరు ఒక రోలరుకి ఆనుకుని తిరుగుతుంది. ఎంత తొక్కినా బాల్కనీ దాటదు.

వాహన పూజ ఘనంగా జరిగింది. హ్యాండిలుకి దండ, టైరుకి తడి పసుపు, కుంకం. చివర్లో నిమ్మకాయ తొక్కించే ఘట్టం దగ్గర బండి ఆగిపోయింది, అసలు కదిలితే కదా! తిరుపతిరావు గారు బుర్ర గీరుకుని, రోలరుని టైరుకి నొక్కిపట్టే మర వదులు చేసి, ఆ సందులో నిమ్మకాయ దూర్చి తొక్కారు. నిమ్మకాయ పగిలి రసం గోడ మీది క్యాలెండరు దాకా చిమ్మింది.

"దిష్టి పోయిందండీ" అంది శివపార్వతమ్మ, గోడ తుడుస్తూ.

మర్నాడు పొద్దున అయిదున్నరకి మొదలైంది. ధడ్, ధడ్, ధడ్. మూడో అంతస్తు అదిరింది. నాలుగో రోజున 301 నుంచి సెక్రటరీ సాంబమూర్తి గారు నాలుగో నోటీసు కాపీ పట్టుకుని వచ్చారు.

"ఆదివారం మీటింగులో పెట్టాల్సొచ్చేట్టుందండీ. ఏమీ అనుకోకండి, రాసింది మీరే."

తిరుపతిరావు గారు కాగితం మీద తన సంతకం వంక చూసుకున్నారు. సెల్లార్లో, నిక్కరులో, పాలవాళ్లూ డ్రైవర్లూ చూస్తుండగా తొక్కడమా! మానేద్దామంటే షుగరు. నోటీసు మార్చేద్దామంటే పరువు. కంపెనీకి ఫోను చేస్తే అవతలి పిల్ల "ఒకసారి స్విచ్ ఆపి మళ్లీ వేయండి సార్" అంది. దానికి వైరే లేదు. సైకిల్ షాపు రాంబాబు వచ్చి గొలుసుకి నూనె పోసి, నిక్కరుకి మరకలు మిగిల్చి వెళ్లాడు. ఆఖరికి ఆయనే కొట్లోంచి నాలుగు తాన్ల గుడ్డ తెచ్చి స్టాండు కాళ్ల కింద దూర్చారు. శబ్దం తగ్గలేదు సరికదా, సైకిలు ఒరిగి ఆయన్ని తులసి కుండీలో పడేసింది.

శనివారం పొద్దున తలుపు చప్పుడైంది. ఎదురుగా మల్లీశ్వరి. చేతిలో స్క్రూడ్రైవరు, పాత టూత్‌బ్రష్షు, చంకలో బొంత.

"రోజూ వింటున్నానండీ. ఉత్త గరగర అయితే నూనెతో పోద్ది. ఇది చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్క దెబ్బ కొడతంది. అంటే అక్కడేదో అంటుకునుంది. ఏదీ, చేత్తో మెల్లగా తిప్పండి."

ఆయన తిప్పారు. ఆమె టైరు మీద వేలు ఆనించి కూర్చుంది. అరచుట్టులో వేలు ఆగింది. పసుపూ కుంకమూ కలిసి గట్టిపడ్డ ముద్ద, అందులో పాతుకున్న నిమ్మతొక్క. రోలరంతా జిగురు.

"ఇదేందండీ?"

తిరుపతిరావు గారు గోడ వంక చూశారు.

ఆమె గీకింది, తడిగుడ్డతో తుడిచింది, మర పట్టుకుని చూసింది. "ఇదెవరు వదులు చేశారండీ?"

"నిమ్మకాయకి చోటు కోసమని..." అని నసిగారాయన.

మర బిగించి, తాన్లు లాగేసి, స్టాండు కింద బొంత పరిచి, ఎక్కమంది. ఎక్కి తొక్కారు. సన్నటి రొద తప్ప ఏమీ లేదు. పిట్టగోడ మీద పావురం కూత వినబడింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చూశారు బొంత వంక.

"ఈ బొంత..."

"మీకు అప్పుడు చూపించిందేనండీ. వాడే పని పడలేదుగా, కొత్తగానే ఉంది."

ఆమె మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. పెడల్ మీద కాళ్లు ఆగిపోయాయి.

"నాకెందుకు సాయం చేశావమ్మా?"

"రేపు మీటింగులో మీ సైకిలు కూడా సెల్లారుకి దిగుద్దేమోనని భయమేసిందండీ. అక్కడ నాకే చోటు చాలట్లేదు."

ఆదివారం మీటింగులో అధ్యక్షుల వారు లేచి, శబ్దం గురించి తాను స్వయంగా పరిశోధన చేశానన్నారు. మనిషి ఒక్క రోజులో ఎంతని మారతాడు! తరవాత పన్నెండో నోటీసు చదివారు: 'బొంత పరచిన యంత్రము యంత్రముగా పరిగణింపబడదు. 202 వారు తమ కుట్టుమిషనును తక్షణమే పైకి తెచ్చుకొనవచ్చును.' అందరూ చప్పట్లు కొట్టారు.

సాంబమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "లిఫ్టులో ఇనుప సామాను ఎక్కించరాదని మీ ఏడో నోటీసుందండీ."

తిరుపతిరావు గారు పంచె ఎగ్గట్టి సెల్లార్లోకి దిగారు. మిషను స్టాండు మల్లీశ్వరి పట్టుకుంది. బరువైన మిషను తల మాత్రం ఎవ్వరికీ ఇవ్వకుండా ఆయనే ఎత్తుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ రెండో అంతస్తుకి మోసుకొచ్చారు. సైకిలు మీద వారం రోజులు తొక్కినా పట్టని చెమట ఆ మెట్ల మీద పట్టింది. లాల్చీ వంటికి అతుక్కుపోయింది. అందరూ చూశారు. ఆయన పట్టించుకోలేదు.

202 గుమ్మంలో శివపార్వతమ్మ పళ్లెంతో సిద్ధంగా ఉంది. అందులో పసుపు, కుంకం, నిమ్మకాయ.

మల్లీశ్వరి మిషను చక్రాన్ని రెండు చేతులతో కప్పేసింది.

"పిన్నిగారూ, బొట్టు నాకు పెట్టండి. దీనికొద్దు."